'అని' కంటే ముందు కర్చీఫ్

మా పిల్లలు ఇంగ్లీషులో ఎవరి మాటనైనా రాసేటప్పుడు కొటేషన్ గుర్తును చివర పెడతారు, మొదట పెట్టరు. అందరిదీ ఇదే తప్పు. నీళ్లు పెరుగుతున్నాయని పడవ నడిపేవాడు చెప్పాడనుకోండి. 'ద బోట్‌మ్యాన్ సెడ్' అని రాసి కామా పెడతారు. 'ద వాటర్ ఈజ్ రైజింగ్' అని రాసి ఫుల్‌స్టాప్ పెడతారు. దాని పక్కన ఆ రెండు చిన్న గీతలు శ్రద్ధగా గీస్తారు. మాట ముగిసిన చోటు తెలుస్తుంది గానీ ఎక్కడ మొదలైందో తెలియదు. పదో తరగతికి ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టిన నాటి నుంచి నేను ఆ ఖాళీ జాగాను ఎర్ర పెన్నుతో చుడుతూనే వచ్చాను. 'నిర్లక్ష్యం' అని పక్కన రాస్తూ వచ్చాను.

మా హైస్కూలు బూర్గంపాడు అవతల ఉంది. నేను భద్రాచలం నుంచి రోజూ వంతెన దాటి బస్సులో వెళ్లివస్తాను. పిల్లల్లో సగం మంది రైతుల ఇళ్ల నుంచి, మిగతావాళ్లు అడవి పక్క గూడేల నుంచి వస్తారు. ఇంగ్లీషు వాళ్లకు బడిలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఈ ప్రాంతంలో టెన్త్ ఇంగ్లీషు అంటే నేనే. బస్సులో ఎవరో ఒకరు లేచి, "మా టెన్త్ మేడం, కూసోండి" అంటారు. ఆ మాట కోసం మనిషి చాలా చేస్తుంది. నేనూ చేశాను.

నేను చర్చావేదికల మీద తయారైన మనిషిని. ఖమ్మంలో చదువుకునే రోజుల్లో మా సంస్కరణ బృందంలో ఒక నియమం ఉండేది. ఎవరైనా 'అంట' అని వాక్యం ముగిస్తే లేచి నిలబడాలి. "ఫలానా ఊళ్లో చేతబడి చేసిన్రంట" అన్నవాడిని, "ఎవరన్నరు?" అని అందరం కలిసి అడిగేవాళ్లం. పేరు చెప్పలేకపోతే ఆ మాటను వెనక్కి తీసుకోవాలి. నేను క్లాసులో కొటేషన్లు నేర్పేది కూడా ఆ దారిలోనే. ఆ గుర్తులు మాటకు జామీను అని చెబుతాను. అన్నవాడు ఒకడున్నాడు, రేపు అడిగితే జవాబు చెబుతాడు అని వాటి అర్థం. ఎంత గొప్పగా ఉంది! పిల్లలు చప్పట్లు కూడా కొట్టేవారు. కొట్టి, మళ్లీ చివరి గుర్తు మాత్రమే పెట్టేవారు.

చదివి అర్థం చేసుకునే అభ్యాసానికి ప్యాసేజీలు నేనే రాసి ఇస్తాను. గైడుల్లో దొరికే పెంగ్విన్లూ మంచుకొండలూ నాకు నచ్చవు. నా ప్యాసేజీల్లో బాబా నిమ్మకాయను గాల్లోకి లేపుతాడు, ఒక అమ్మాయి దారాన్ని పట్టుకుంటుంది. ఊరికి దయ్యం పట్టిందంటారు, చివరికి అది రేకుల షెడ్డు మీద గాలి. ఈ పద్ధతి మీద నాకు గర్వం ఉండేది. ఉండేది అంటున్నాను, గమనించండి.

ఈ వానాకాలం మా బడికి రెండో ఇంగ్లీషు టీచరు వచ్చాడు. మధిర వైపు కుర్రాడు, పెళ్లి కూడా కాలేదు. ప్రతి మాటకూ 'అండి' తగిలిస్తాడు. మొదటివారం పిల్లలు వరండాలో ఆయన్ని ఏడిపించారు. "గుడ్మార్నింగండి సార్ అండి" అని ఒకడు మొదలుపెడితే మిగతావాళ్లు అందుకున్నారు. ఆయన నవ్వి, "గుడ్మార్నింగండి బాబు అండి" అన్నాడు. అంతే, ఏడిపించడంలో మజా పోయింది. హెడ్మాస్టరు ఆయనకు తొమ్మిది వరకు ఇచ్చారు. టెన్త్ నాకే ఉంచారు. నేను నిశ్చింతగా ఉన్నాను.

ఇంతలో నన్ను ఖమ్మంలో ట్రైనింగుకు పంపారు. ఆ వారం నా టెన్త్ క్లాసు ఆయన చూశాడు.

తిరిగి వచ్చిన రోజు స్లిప్ టెస్టు పెట్టాను. గోదావరి వరద మీద చిన్న ప్యాసేజ్, కింద గుర్తులు లేని వాక్యాలు. కాగితాలు ముందు వేసుకుని ఎర్ర పెన్ను మూత తీశాను. మొదటి కాగితంలో మాటకు ముందు కూడా గుర్తు ఉంది. రెండో దానిలోనూ ఉంది. ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూసేవాడి కాగితంలో కూడా ఉంది. పెన్ను చేతిలోనే ఉండిపోయింది.

"ఇది ఎవరు నేర్పిన్రు?" అని క్లాసును అడిగాను.

"కర్చీఫ్ సారు మేడం!"

క్లాసంతా గొల్లుమంది.

"కర్చీఫ్ ఏంది?"

"బస్సుల సీటు ఆపనీకె కిటికీలకెళ్లి కర్చీఫ్ ఏస్తం గద మేడం. మనిషి ఎనక ఎక్కుతడు. గట్లనే మాట ఎక్కకముందే కర్చీఫ్ ఏయాలె."

"కర్చీఫ్ ఎయ్యకుంటే సీటు పోతది," అన్నాడు ఇంకొకడు. "మాట నిలబడే పోవాలె. భద్రాచలం దాకా."

మళ్లీ నవ్వు. ఆ నవ్వులో నేను లేను. నా క్లాసులో, నా పిల్లల మధ్య, నేను రాని రోజుల్లో పుట్టిన ఒక జోకును వాళ్లు నాకు విడమరచి చెప్పారు, చుట్టానికి చెప్పినట్టు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపే అలవాటు మీద నేను ఒక వ్యాసం రాశాను. ముందు ఎక్కినవాళ్ల హక్కును ఒక గుడ్డముక్క కాజేస్తోందనీ, కులం, డబ్బు, పలుకుబడి అన్నీ ఇలాగే ముందుగా కర్చీఫ్ వేసి కూర్చున్నాయనీ అందులో మండిపడ్డాను. ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం అయ్యాక రద్దీలో నిలబడీ నిలబడీ ఆ కోపం ఇంకా పెరిగింది. ఇప్పుడు ఆ గుడ్డముక్కే నా క్లాసులోకి వచ్చి, నా జామీనును పక్కకు నెట్టి కూర్చుంది.

అసూయ అనేది ఇతరులకు వచ్చే రోగం అనుకునేదాన్ని. పక్కవాడి పొలం, పక్కవాడి పదవి చూసి వస్తుందని రాశాను కూడా. కర్చీఫును చూసి వస్తుందని ఎక్కడా రాయలేదు.

ఆ మధ్యాహ్నమే హెడ్మాస్టరు పిలిచారు. ఆయనది ఏన్కూరు. మాట చుట్టూ తిప్పరు.

"దసరా తర్వాత టెన్తోళ్లకు పొద్దున స్పెషల్ క్లాసు పెడుతున్నం మేడం. ఇంగ్లీషుకు ఒక్కరే ఉండాలె, పరీక్షల దాంక. ఆ సారు తీస్కుంటనంటుండు. మీరేమంటరు?"

"ఎప్పుడూ నేనే గద సార్ తీస్కునేది."

"అవ్, మీరే. కాదంటలేను. కాకపోతే అతను గూడ మంచిగ చెప్తుండంట."

"ఎవరన్నరు?" అన్నాను.

ఆయన నవ్వారు. "మీకాడ 'అంట' అనొద్దు, మర్చిపోయిన. పిల్లలన్నరు. వాళ్ల తల్లిదండ్రులు గూడ అన్నరు. శుక్రవారం కల్లా మీరే చెప్పండి. మీరు ఎట్లంటే గట్లనే."

పొద్దున క్లాసు అంటే వట్టి ఒక గంట కాదు. పరీక్షల దాకా పిల్లలు ఎవరి గొంతుతో ఇంగ్లీషు చదువుతారో, రేపు బస్సులో ఎవరిని చూసి లేచి నిలబడతారో, ఆ మనిషి ఎవరో ఆ గంట తేలుస్తుంది. అది పోతే నేను ఈ బడిలో 'ఇంకో ఇంగ్లీషు మేడం'.

స్టాఫ్‌రూంలో ఆయన ఒంటరిగా దొరికాడు. టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు.

"కర్చీఫ్ సంగతి ఎక్కడ చదివిన్రు సార్?" అని అడిగాను. ఏదో పుస్తకంలోంచి ఎత్తుకొచ్చాడని తేలితే కొంచెం ఊపిరి ఆడుతుందని నా ఆశ.

"ఎక్కడా చదవలేదండి. అందరూ ఒకే తప్పు చేస్తున్నారేంటా అనిపించిందండి. ఒకరిద్దరైతే మర్చిపోయారనుకోవచ్చు. అందరూ ఒకే చోట ఎలా మర్చిపోతారండి? ఇంట్లో ఎలా అంటారో చెప్పమన్నాను. 'రేపు రా అని మా అమ్మ చెప్పింది' అన్నారు. మనకి 'అని' మాట చివరే వస్తుంది కదండి. ముందర ఏమీ రాదు. ఆ చివరి గుర్తు 'అని' అండి. పాపం, వాళ్లు తెలుగులో కరెక్టుగానే రాస్తున్నారు."

అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, ఇదేమంత పెద్ద విషయమా అన్నట్టు పచ్చడి వైపు చూశాడు.

నేను తెలుగులో వ్యాసాలు రాస్తాను. 'అని' లేకుండా నాకు ఒక్క పేరా గడవదు. ఆ 'అని'ని ఆయన నా కళ్ల ముందు నుంచి ఎత్తుకుపోయాడు. అది కూడా తట్టుకోవచ్చు. తట్టుకోలేనిది 'అందరూ ఒకే తప్పు ఎందుకు' అన్న ప్రశ్న. అది నా ప్రశ్న! ఊరంతా ఒకేసారి జ్వరం పడితే అమ్మవారి కోపం అనకండి, తాగే నీళ్లు చూడండి అని ఎన్ని సభల్లో గొంతు చించుకున్నానో. క్లాసంతా ఒకే చోట తప్పు రాస్తే మాత్రం నీళ్లు చూడలేదు, నిర్లక్ష్యం అన్నాను. అది అమ్మవారి కోపం అనడానికి దగ్గర చుట్టమే.

"ఇంకో మాటండి," అన్నాడు. "ఏమనుకోకండి మేడం."

ఏమనుకోకండి అన్న తర్వాత వచ్చే మాటను ఎవరైనా ఏదో ఒకటి అనుకునే తీరుతారు.

"మీ ప్యాసేజీలకి పిల్లలు చదవకుండానే జవాబులు రాస్తున్నారండి."

"మీకెట్ల తెలుసు?"

"ప్యాసేజ్ ఇవ్వకుండా ప్రశ్నలు మాత్రమే ఇచ్చి చూశానండి. బానే రాశారు. అన్నింటికీ 'బికాజ్ ఇట్ ఈజ్ ఎ బ్లైండ్ బిలీఫ్' అని. చాలావరకు కరెక్టే పడ్డాయి."

పరీక్ష పెట్టి చూశాడు! నా మీద, నేను నూరిపోసే పద్ధతిలోనే. ఆ రోజు నుంచి నాకు ఆకలి లేదు.

ఓడిపోతున్న వాదనలో ఏం చేయాలో మా బృందం నాకు బాగా నేర్పింది. ఎదుటివాడి సిద్ధాంతం పనిచేయని ఒక్క ఉదాహరణ వెతకాలి. వెతికాను. దొరికింది. అది నా చేతిలో మొదటి నుంచీ ఉన్నదే. గురువారం ఆయన్ని నా క్లాసుకు రమ్మన్నాను. "పిల్లలకు మీరే మళ్లోసారి చెప్తే బాగుంటది" అన్నాను. ఆయన సంబరంగా వచ్చాడు. ఆ సంబరం చూసి కూడా నా మనసు మెత్తబడలేదు.

ఆయన కర్చీఫ్ పాఠం ముగించగానే నేను లేచి బోర్డు మీద తెలుగులో రాశాను: గోదావరి రేపు పెరుగుతదంట.

"ఇది ఇంగ్లీషులో రాయాలె సార్. దీనికి కర్చీఫ్ ఎక్కడేస్తరు?"

ఆయన చాక్‌పీసు తీసుకున్నాడు. 'దే సే' అని రాసి ఆగాడు. ముందర గుర్తు పెట్టాడు. చేత్తో తుడిచాడు. 'అంట'లో 'అని' ఉందా లేదా అని తనలో తాను గొణుక్కున్నాడు. నేను కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ క్షణం ఎంత బాగుందో చెబితే మీకు నా మీద గౌరవం పోతుంది.

అప్పుడాయన వెనక్కి తిరిగి, "తెలియదండి మేడం," అన్నాడు. "ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు. మీరందరూ చెప్పండి, ఏం చేద్దాం?"

తెలియదు! టీచరు నోట ఆ మాట పిల్లలు ఎప్పుడూ వినలేదు. తెలియదని చెప్పడమే జ్ఞానానికి మొదలు అని వేదికల మీద నేను చెబుతుంటాను. అది కూడా ఆయనే ముందు అనేశాడు, అదీ నా క్లాసులో.

రెండో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. కోయ గూడెం నుంచి నడిచి వస్తుంది, మామూలుగా నోరు విప్పదు.

"దీనికి కర్చీఫ్ వద్దు మేడం."

"ఎందుకు వద్దు?"

"ఎవరన్నరో తెల్వదు గద. 'అని' అంటే మనిషుంటడు. మా భాషల గూడ గంతే, మాట ఎనకనే వస్తది. 'అంట' అంటే మనిషే లేడు. ఎక్కేటోడే లేనప్పుడు కర్చీఫ్ ఏసుడేంది? అది మోసం గద మేడం." కొంచెం ఆగి, "మీరే అంటరు గద, పేరు చెప్పకుంటే ఆ మాట ఒప్పుకోవద్దని," అంది.

నా జామీనునూ ఆయన కర్చీఫునూ ఆ పిల్ల రెండు ముక్కల్లో కలిపి కుట్టేసింది. నేను ఆ క్లాసులో ఇన్నేళ్లు అరిచింది ఊరికే పోలేదు. "శభాష్" అనబోయాను.

కానీ ఆ అమ్మాయి అప్పటికే ఆయన వైపు తిరిగింది. "కరెక్టేనా సార్?"

ఆయన ముఖం వెలిగిపోయింది. "సూపరండి!" అన్నాడు. క్లాసు చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. నా చప్పుడు నాకే పెద్దగా వినిపించింది.

శుక్రవారం హెడ్మాస్టరు గదికి వెళ్లి, "టెన్త్ ఆయనకే ఇవ్వండి, స్పెషల్ క్లాసుతో సహా. సోమవారం నుంచి నేను నైన్త్ తీస్కుంట," అన్నాను.

"అలిగిన్రా మేడం?"

"లేదు."

"మరి ముఖం గట్ల పెట్టిన్రేంది?"

"ముఖం నాది సార్. క్లాసు పిల్లలది."

దీన్ని త్యాగం అనుకోకండి. ఆ మాటంటే నాకు ఒళ్లు మంట. త్యాగం చేసినవాళ్లకు మనసు తేలికవుతుందని చెబుతారు. నాకు కాలేదు. సాక్ష్యం చూపించు అని ఎదుటివాళ్లను నిలదీసి బతికిన మనిషిని. సాక్ష్యం స్లిప్ టెస్టు కాగితాల రూపంలో నా బల్ల మీదే ఉంది. అది నాకు వ్యతిరేకంగా ఉందని కళ్లు మూసుకుంటే, రేపు నిమ్మకాయ బాబాను ఏ ముఖంతో అడగాలి? అందుకే ఇచ్చాను. ఇస్తున్నంతసేపూ పళ్లు కొరుకుతూనే ఉన్నాను.

సాయంత్రం ఆయన నైన్త్ క్లాసు కాగితాలు తెచ్చి చేతిలో పెట్టాడు. "దిద్దేశానండి. మన పిల్లలు ఎక్కడున్నారో మీకు తెలుస్తుందని," అన్నాడు. 'మన' పిల్లలట! బస్సులో కూడా నాతోనే ఎక్కాడు. నాకు చివరి వరుసలో సీటు దొరికింది. ఆయన ముందు ఎక్కడో కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

కాగితాలు తీశాను. కొటేషన్లు రెండు వైపులా ఉన్నాయి, ఉండకేం. కానీ ప్రశ్నల దగ్గర ఏదో తేడా. 'ఆర్ యూ కమింగ్' రాసి ఫుల్‌స్టాప్. 'డిడ్ హి ఈట్' రాసి ఫుల్‌స్టాప్. తర్వాతి కాగితం చూశాను, దాని తర్వాతిది చూశాను. ప్రశ్న గుర్తు పెట్టినవాళ్లు లేరు. ప్రతి చోటా ఆయన ఎర్ర పెన్ను చుట్టుకుంటూ పోయింది. ఓపిగ్గా, గుండ్రంగా, అచ్చం నాలాగే.

అందరూ ఒకే తప్పు.

కండక్టరు జనాన్ని తోసుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "భద్రాచలమా?" అన్నాడు.

"అవ్," అన్నాను.

పక్కనున్న ముసలమ్మ వైపు తిరిగాడు. "నువ్వు గూడ గాడికేనా?"

"గాడికే. జల్దీ పోతదా బస్సు?"

భద్రాచలమా. గాడికేనా. పోతదా. ముగ్గురం మాట్లాడుకున్నాం, ప్రశ్నలన్నీ మాట చివరి దీర్ఘంలోనే ఉన్నాయి. మనం మాటను కొంచెం సాగదీస్తే చాలు, అది ప్రశ్న అయిపోతుంది. దాని పక్కన మళ్లీ ఒక కొక్కెం తగిలించాల్సిన పని మనకు లేదు. పైకి చదివేటప్పుడు పిల్లలు 'ఈజ్ దిస్ యువర్ బుక్కా' అని ఎందుకు సాగదీస్తారో, నేను వాళ్లను ఎందుకు అన్నిసార్లు కసురుకున్నానో ఒక్కసారిగా అర్థమైంది. వాళ్లు ప్రశ్నను మాటలోనే పెట్టేశారు. గుర్తు అదనం అనుకుని వదిలేశారు. తెలుగులో కరెక్టుగానే రాస్తున్నారు.

ఆ కాగితాలు ఆయన క్లాసువి, ఆయన దిద్దినవి. ఆయనకు కనపడలేదు, నాకు కనపడింది. ఈ వారంలో మొదటిసారి ఆకలి వేసింది.

వంతెన మీద బస్సు నెమ్మదించింది. ఆయన జనం మధ్య నుంచి మెడ చాచి చూశాడు.

"ఏంటి మేడం, నవ్వుతున్నారు? కాగితాల్లో ఏమైనా ఉందాండి?"

ఉందా అని అడిగాడు. దీర్ఘం తీసి మరీ అడిగాడు, పైగా దానికి 'అండి' కూడా తగిలించాడు.

"ఏం లేదు సార్," అన్నాను.

సోమవారం నైన్త్ క్లాసులో చెబుతాను. పిల్లలు దానికి ఏ పేరు పెడతారో చూడాలి. అప్పటిదాకా ఆయనకు చెప్పను. బస్సు సీట్ల మీద ఆ వ్యాసంలో నేను ఏం రాశానో నాకు గుర్తుంది. అయినా సరే, ఈ సీటు మీద నా కర్చీఫ్ వేసి ఉంచాను.